ఎర్రదారం సీసా

"ముందు మనిషిని లేపండి! చేపలు యాడికీ పోవు!"

పోలేరయ్య అరుపుకి వాకిట్లో వాలిన కాకులు సైతం లేచిపోయాయి. మస్తానమ్మ మాత్రం చీపురు పట్టుకుని నిలబడ్డచోటే నిలబడింది.

వాకిట్లో ఆమె తోడికోడలు అంకాలమ్మ బోర్లా పడి ఉంది. నెత్తిమీది గంప దొర్లిపోయి, కానగంత చేపలన్నీ ఇసకపాలయ్యాయి. వల ఆరేసే గుంజ ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఆ ఇంటికి కాపరానికి వచ్చినప్పటి నుంచి అంకాలమ్మ దాని పక్క నుంచే రేవుకి పోతోంది, వస్తోంది. ఈ పొద్దు మాత్రం తిన్నగా పోయి దాన్ని నుదుటితో గుద్దుకుంది.

తమ్ముడి పెళ్ళాన్ని తాను తాకకూడదు. అందుకని పోలేరయ్య తన పెళ్ళాం వైపు గుడ్లురిమాడు.

"నిన్నేమే! రాయి మాదిరి నిలబడినావేంది?"

అప్పుడు మస్తానమ్మ చీపురు పారేసి అంకాలమ్మ చంకల కింద చేతులేసి లేపింది. కనుబొమ మీదుగా నెత్తురు కారుతోంది.

"గుంజ కనపడలేదక్కా," అంది అంకాలమ్మ. "మసగ్గా ఉండాది గదా."

"మసకేంది, తెల్లారి ఎంతసేపయింది!" అంటూ లోపలి నుంచి అత్తగారు వెంకటశేషమ్మ వచ్చింది. పసుపు తెచ్చి చిన్నకోడలి నుదుటికి అద్దుతూనే నోటికి పని చెప్పింది. "ఈ వయసులో నాకు కనపడే గుంజ నీకు కనపడలేదా? ఎవరికీ దొరకని కొత్త మందన్నారు, పట్నం నుంచి వచ్చిందన్నారు. దాని మహిమ ఇదేనా?"

అని, పెద్దకోడలి వైపు తిరిగింది.

"నీకు ఇచ్చింది పాత మందు. నువ్వు చూస్తే సందకాడ గూడా సూదిలో దారం ఎక్కిస్తా ఉండావు. ఇదేం చోద్యం మే?"

మస్తానమ్మ వంగి చేపలు ఏరడం మొదలుపెట్టింది. కోపం వస్తే ఆమె నోరు ఊరుకోదు, భయం వస్తే మాత్రం చేతులు ఊరుకోవు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఇంకా కనిపెట్టలేదు.

"బట్టలు మార్చుకోండి ఇద్దరూ," అన్నాడు పోలేరయ్య. "కోవూరు పోదాం."

"ఇప్పుడా?" అంది మస్తానమ్మ. "డాక్టరు రమ్మన్న దినం ఇంకా రాలేదు గదా."

"మనిషి పడిపోయి నెత్తురు కారుతా ఉంటే దినం చూస్తామా?"

"అయితే దాన్ని తీసుకోని మీరు పొండి. నేనెందుకు? మీ తమ్ముడు నరసయ్య వల చినిగిపోయి ఉండాది. కుట్టాల."

"నువ్వు కుట్టేదేంది?" అంది అత్తగారు. "అది నైలాను వల. నీ పులికాటు ముడి దానికి నిలబడతాదా? అంకాలు వచ్చినాక వేస్తాదిలే. నువ్వు పో. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలని గదా ఆ డాక్టరు చెప్పింది."

మస్తానమ్మ లోపలికి పోయింది. పోయి, దేవుడిగూట్లో ఉన్న రెండు సీసాల వైపు చూసింది. ఒకదాని మెడకి ఎర్రదారం, ఒకదాని మెడకి తెల్లదారం.

ఆ దారాలు ఎవరు మార్చారో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. కనీసం ఆమె అలా అనుకుంటోంది.

*

ఈ కళ్ళ గొడవంతా మొదలయింది మస్తానమ్మ చేతిమీదుగానే. తిప్పకుప్పంలో ఆడవాళ్ళ కళ్ళు ఎర్రబడడం వింత కాదు. ఎండుచేపల ఉప్పు, పొయ్యి పొగ, సముద్రం మీది ఎదురెండ, అన్నీ కలిసి కళ్ళని దురదపెట్టి ఏడిపిస్తాయి. గూడూరులో ఒక మందుల షాపువాడు పాలలాంటి చుక్కలమందు ఇచ్చాడు. రాత్రి వేసుకుంటే పొద్దునకల్లా ఎరుపు మాయం. మస్తానమ్మ తను వేసుకుని, కొత్తగా కాపరానికి వచ్చిన అంకాలమ్మ తలని ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్లకీ వేసింది. అప్పట్లో ఆ పిల్లంటే ఆమెకి ముద్దుగానే ఉండేది.

సీసా అయిపోయినప్పుడల్లా ఇంకోటి తెచ్చుకున్నారు. ఏళ్ళు గడిచాయి. దీపం చుట్టూ రంగుల చక్రాలు కనబడి, పక్కన నిలబడ్డ మనిషి కనబడకుండా పోయేదాకా వేసుకుంటూనే ఉన్నారు.

పెన్న అవతల కోవూరు కంటాస్పత్రిలో విజయభాస్కర్ డాక్టరు ఆ సీసా చూసి తల పట్టుకున్నాడు. అందులో ఉన్నది కార్టిజోను అన్నాడు. ఎరుపు తీసేమాట నిజమేగాని, ఊరికే వేసుకుంటూ పోతే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందన్నాడు. నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదు, మిగిలింది నిలుపుకోవాలి.

అప్పుడు రెండు సీసాలు బయటికి తీశాడు. ఒకటి ఎప్పటి నుంచో వాడే పాత మందు. ఒకటి ఇంకా బజారుకి రాని కొత్త మందు. దాన్ని పరీక్ష చెయ్యమని మద్రాసు నుంచి ఆయనకి పంపించారు. ఇలాంటి కళ్ళతో వచ్చినవాళ్ళకి వరసలో ఒకరికి పాతది, ఒకరికి కొత్తది ఇచ్చి, ఎవరికెంత ఒత్తిడి తగ్గిందో పోల్చి చూస్తాడట.

ఆ పొద్దు వరసలో ముందు నిలబడింది మస్తానమ్మ. పెద్దదాన్ని, ముందు నన్నే చూడాలని అంకాలమ్మని వెనక్కి నెట్టి మరీ నిలబడింది. ముందు నిలబడినందుకు ఆమెకి పాత మందు వచ్చింది.

కొత్తది అంకాలమ్మకి!

ఎప్పుడూ ఇంతే. నూలు వలలున్నన్నాళ్ళూ ఆ రేవులో మస్తానమ్మ చేతికి తిరుగులేదు. పులికాటు పక్క పుట్టింట్లో నేర్చుకున్న ముడి ఆమెది. దారాన్ని ఎడమ నుంచి తిప్పి, కొసని లోపలికి దాచేస్తుంది. కాపరానికి వచ్చిన కొత్తలో అత్త వెక్కిరించినా, నాలుగు వలలు చూశాక నోరు మూసుకుంది. అంతలో సొసైటీవాళ్ళు నైలాను దారం తెచ్చారు. నైలానులో ఆ ముడి జారిపోతుంది. రెండు చుట్ల ముడి కావాలి. అది అంకాలమ్మకి నాలుగు రోజుల్లో పట్టుబడింది. మస్తానమ్మకి నాలుగేళ్ళయినా చేతికి రాలేదు. రేవులో వల చినిగితే ఇప్పుడందరూ "అంకాలు యాడుంది?" అనే అడుగుతారు.

కొత్త నైలానూ దానికే. కొత్త మందూ దానికే.

పాత మందు వేస్తే మస్తానమ్మకి కళ్ళు భగ్గున మండేవి, కనుబొమలు లాగేవి, పొద్దు వాలితే చాలు ఇల్లంతా చీకటయిపోయేది. అంకాలమ్మేమో సాయంత్రం గుమ్మంలో కూర్చుని రాగం తీస్తూ వల కుట్టేది. ఆ రాగం వింటూ మస్తానమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఒకనాడు అంకాలమ్మ రేవుకి పోయినప్పుడు, సీసాల మెడలకి నర్సు గుర్తుగా కట్టిన దారాలు, అంకాలమ్మ ఎర్రదారం, తన తెల్లదారం, రెండూ విప్పి దీనిది దానికీ, దానిది దీనికీ కట్టేసింది. అంతే. మందు వంచలేదు, విషం కలపలేదు, దారాలు మార్చింది. తప్పు అంత చిన్నదిగా ఉంటే ఎవరికి మాత్రం చెయ్యి వెనకాడుతుంది? అయినా కట్టేముందు రెండుసార్లు గుమ్మం వైపు చూసింది.

ఎవరి కంట్లో వాళ్ళు సరిగ్గా వేసుకోలేరని, ఒకరికొకరు వెయ్యమన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి పూటపూటా అంకాలమ్మ తల మస్తానమ్మ ఒళ్ళోకి వస్తూనే ఉంది. ఎర్రదారం చూసి ఆమె కళ్ళల్లో పాత మందు పోస్తూనే ఉంది మస్తానమ్మ.

వారం తిరిగేసరికి మస్తానమ్మ కనుబొమల నొప్పి పోయింది. సాయంత్రాలు తేటపడ్డాయి. అంకాలమ్మ రాగం ఆగిపోయింది.

ఈ పొద్దు గుంజ గుద్దుకుంది.

*

కోవూరు ఆస్పత్రిలో డాక్టరు ముందు అంకాలమ్మని బల్లమీద పడుకోబెట్టాడు. కళ్ళల్లో తిమ్మిరి చుక్కలు వేసి, చిన్న కాటాలాంటి పరికరం కంటిగుడ్డు మీద నిలిపి చూశాడు. ముఖం చిట్లించాడు. ఇంకోసారి చూశాడు.

"దిగనే లేదు సిస్టర్. ఇంకా పెరిగింది," అన్నాడు నర్సు కరుణాకుమారితో. "ఈ కొత్త మందు మీద చాలా ఆశ పెట్టుకున్నాను."

తర్వాత మస్తానమ్మ. పరికరం తీసేసరికి ఆయన ముఖం విప్పారింది.

"నీకు మాత్రం బ్రహ్మాండంగా తగ్గిందమ్మా. పాత మందు ఇంతగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు."

మస్తానమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది. ఏం అనుకోవాలో ఆమెకే తెలియలేదు. సంతోషమే వచ్చింది ముందు. ఆ తర్వాత అంకాలమ్మ వైపు చూడబుద్ధి కాలేదు.

డాక్టరు చేతిలైటు తీసి ఆమె కళ్ళల్లోకి వేశాడు. ఒక నిమిషం ఆగాడు. పోయి అంకాలమ్మ కళ్ళల్లోకి వేశాడు. మళ్ళీ వచ్చి ఆమె మీదికి వంగాడు.

"పాత మందు నీదే గదా?"

"నాదేనయ్యా."

"రోజూ వేసుకుంటున్నావా?"

"ఒక్కపూట గూడా తప్పలేదయ్యా. అంకాలే వేస్తాది."

"వేసుకుంటే నీ కంటిపాప ఆవగింజంత అయిపోవాలమ్మా. ఆ మందు గుణం అది. కొత్త మందుకి ఆ గుణం లేదు." డాక్టరు గొంతులో తేడా వచ్చింది. "నీ పాపలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆవగింజలు ఆమె కళ్ళల్లో ఉన్నాయి."

మస్తానమ్మ లేచి కూర్చుంది. సీసాలు నోరు విప్పవని ధైర్యంగా ఉంది ఇన్నాళ్ళూ. కళ్ళు చెబుతాయని ఆమెకేం తెలుసు!

"సీసాలు తెచ్చారా?"

పోలేరయ్య గుడ్డసంచీలోంచి రెండూ తీసి బల్లమీద పెట్టాడు. నర్సు ఎర్రదారం సీసా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"డాక్టర్, నేను మామూలు ముడి వేసి ఇచ్చాను. ఇది నేను కట్టింది కాదు."

"ఏదీ, ఇట్టియ్యమ్మా," అన్నాడు పోలేరయ్య.

తీసుకుని, ఆ ముడి మీద బొటనవేలు పెట్టాడు. దారం ఎడమ నుంచి తిరిగింది. కొస లోపలికి పోయి దాక్కుంది. తెల్లదారం ముడీ అంతే. పోలేరయ్య సీసాని మెల్లగా బల్లమీద పెట్టేశాడు. పెళ్ళాం వైపు చూడలేదు.

ఆయనకి తెలిసిపోయిందని మస్తానమ్మకి తెలిసిపోయింది.

"ఎవరు మార్చారు?" అన్నాడు డాక్టరు. "కోప్పడను. కానీ నాకు తెలియాలి. ఇది ఆట కాదు. మీ ఇద్దరి కళ్ళూ చూసి నేను రాసేదాన్ని బట్టి, రేపు ఇంకెందరికో ఆ మందు ఇవ్వాలా వద్దా అని తేలుస్తారు. ఎవరు?"

చెప్పేద్దామనుకుంది మస్తానమ్మ. నిజంగానే అనుకుంది.

"నేనేనయ్యా," అంది అంకాలమ్మ.

మస్తానమ్మ చివుక్కున తలెత్తింది.

"నువ్వా? నీకు ఇచ్చిందే కొత్త మందు గదమ్మా. దాన్ని ఎందుకు వదులుకున్నావు?"

"బజారుకే రాని మందన్నారు గదయ్యా. బయమేసింది. ముందు అక్క మీద చూద్దామని..."

డాక్టరుకి కోప్పడనన్న మాట గుర్తులేకుండా పోయింది.

"పరీక్ష చెయ్యడానికి నువ్వెవరు? ఒకే కప్పు కింద ఉండే మనిషి కళ్ళతో ఆడుకుంటావా? చూడు, నీ పాపమే నిన్ను కొట్టింది. నీ నరం సగానికి పైగా పోయింది!"

అంకాలమ్మ తల వంచుకుని కూర్చుంది.

చివరికి డాక్టరు తీర్పు చెప్పాడు. కొత్త మందు తన దగ్గర మిగిలింది కొంచెం. అది మస్తానమ్మకి బాగా పట్టింది కనుక ఆమెకే సాగిస్తాడు. అంకాలమ్మని నమ్మి ఇవ్వలేడు. ఆమెకి పాత మందు, పైన మాత్రలు. వచ్చే నెలకి ఒత్తిడి దిగకపోతే మద్రాసు పంపించి కంటికి కత్తి పెట్టించాల్సిందే. అప్పటికి చూపు ఎంత మిగులుతుందో చెప్పలేడు.

"ఈసారి మార్చారంటే మీ కంటిపాపలు చూడగానే పట్టేస్తాను," అన్నాడు ఇద్దరినీ చూస్తూ. "అప్పుడిక ఇద్దర్నీ ఈ మందు లెక్కలోంచి తీసేస్తాను."

కరుణాకుమారి ముడులు విప్పకుండా, ఉన్న దారాలతోనే ఆ సీసాలు తిరిగి ఇచ్చేసింది. ఎర్రదారం పాత మందు, తెల్లదారం కొత్త మందు. ఎవరి దారం వాళ్ళదే. కొత్త మందు ఇప్పుడు హక్కుగా మస్తానమ్మది.

కోరుకున్నది దక్కింది. డాక్టరు చేత్తోనే దక్కింది.

*

గూడూరు బస్సులో పోలేరయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. వచ్చేటప్పుడు పెళ్ళాం పక్కన కూర్చున్న మనిషి.

వెనక ఆడవాళ్ళిద్దరూ కిటికీ దగ్గర. చాలాసేపు ఇద్దరూ బయటికే చూశారు. చిల్లకూరు దగ్గర పడుతుండగా మస్తానమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఎందుకట్టా చెప్పినావు?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా. చెప్పలా. ఆయన నిలబెట్టి అడుగుతా ఉంటే ఎవరో ఒకరు చెప్పాల గదా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు కట్టిన దినమే. ఆ ముడి మన రేవులో ఇంకెవరేస్తారక్కా?"

మస్తానమ్మ తన చేతుల వైపు చూసుకుంది. తన చెయ్యే తనని పట్టించింది. దొంగతనం చేస్తూ కూడా ఆ చేతులు కొసని లోపలికి నీటుగా దాచిపెట్టాయి.

"తెలిసి ఎందుకు అడగలేదు మే?"

"రెండూ ఆయనిచ్చిన మందులే గదా. ఒక కుండలో కూడు తింటా మందు దగ్గిర నీదీ నాదీ ఏంది అనుకున్నా. అడిగితే నువ్వు నా తల ఒళ్ళో పెట్టుకోవు. నా మొహం గూడా చూడవు." అంకాలమ్మ నుదుటి మీది పసుపు తడుముకుంది. "ఇంత అవుతాదని తెలిస్తే అడిగేదాన్నే. నీ జుట్టు పట్టుకోని అడిగేదాన్ని."

ఆ చివరిమాట ఒక్కటే మస్తానమ్మకి కాస్త ఊపిరి పోసింది. కొడితే బాగుండును, తిడితే బాగుండును. ఇది మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. ఎడమ పక్కన తాటితోపు పోతోంది. అంకాలమ్మ దాన్ని చూడాలంటే తల మొత్తం తిప్పాల్సి వచ్చింది.

*

"డాక్టరు ఏమన్నాడు?" అంది వెంకటశేషమ్మ గుమ్మంలోనే.

పోలేరయ్య కాళ్ళు కడుక్కుంటూ, నేల చూస్తూ అన్నాడు.

"మందులు మారినాయంట. చిన్నది మార్చిందంట."

మారినాయంట! మార్చిందంట! తన కళ్ళతో ముడి చూసిన మనిషి ఆ మాట అన్నాడు. ఇంటి పరువు కోసమో, పెళ్ళాం కోసమో, ఆయనకే తెలియాలి.

వెంకటశేషమ్మ చిన్నకోడలిని దులిపేసింది. "బయమైతే మానుకోవాల. నా పెద్దకోడలి మీద పరీక్ష చేస్తావా? అది గుడ్డిదయినా పర్లేదా నీకు? ఆ పులికాటు పిల్ల నీ తల ఒళ్ళో పెట్టుకోని మందు పోస్తా ఉంటే, నీకు ఆ బుద్ధి ఎట్టా పుట్టింది?"

అని, మస్తానమ్మ గడ్డం పట్టుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత మొదటిసారి అత్త చెయ్యి ఆమె గడ్డాన్ని తాకింది.

"నా తల్లే. పిచ్చిదానివి. ఒక్కమాట అనకుండా వచ్చినావు." మొదటి ముద్ద పెద్దకోడలికే పెట్టింది. చేపతల కూడా ఆమె పళ్ళెంలోకే వచ్చింది.

చెప్పడానికి సిగ్గుగాని, ఆ ముద్ద మస్తానమ్మకి తియ్యగానే ఉంది. ఆ మాటల కోసం ఆమె కాపరమంతా కాచుకుని ఉంది. కడుపునిండా తిందామనే అనుకుంది.

అప్పుడు పోలేరయ్య లేచి, నీళ్ళచెంబు తీసుకెళ్ళి అంకాలమ్మ ముందు పెట్టాడు.

"తినమ్మా," అన్నాడు.

ఎప్పుడూ తమ్ముడి పెళ్ళాంతో ముఖాముఖి మాట్లాడని మనిషి. ఏం కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. ఇప్పుడు 'అమ్మా' అన్నాడు. ఆ గొంతులో ఉన్న మర్యాద మస్తానమ్మ ఏనాడూ ఎరగదు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సంగతి తెలియని అత్త తనని మెచ్చుకుంటోంది. తెలిసిన మొగుడు దానికి చెంబు అందిస్తున్నాడు. ఏ మెప్పు నిజమైందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. నైలాను దానికిచ్చినారు, మందు దానికిచ్చినారు, ఇప్పుడు మంచిదన్న పేరు గూడా దానికే!

చేపతల పళ్ళెంలోనే వదిలేసి లేచింది.

*

పొద్దు వాలింది. మందు వేసే వేళ. అంకాలమ్మ ఎప్పటిలాగే చాప పరిచి, మస్తానమ్మ ఒళ్ళో తల పెట్టి కళ్ళు తెరిచింది. ఆ పాపలు ఇప్పుడు చూసింది మస్తానమ్మ. నిజమే, ఆవగింజలే. ఇన్నాళ్ళూ వాటి మీదే వంగి, వాటిని చూడకుండా మందు పోసింది.

ఆమె చెయ్యి ఎర్రదారం సీసా దాటి తెల్లదారం దాని మీదికి పోయింది. మూత తీసింది.

అంకాలమ్మ మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా."

"నోరు మూసుకో. ఎవరికి తెలుస్తాది?"

"డాక్టరుకి తెలుస్తాది. పాపలు చూస్తాడు. మళ్ళీ నేనే దొంగనవుతాను. ఇద్దర్నీ తోసేస్తాడు." అంకాలమ్మ పట్టుకున్న మణికట్టు వదల్లేదు. "నా కళ్ళు నాకు కావాలక్కా. నాకేం త్యాగాలు చెయ్యాలని లేదు. కానీ ఇట్టా వద్దు. ఎర్రదే వెయ్యి."

మస్తానమ్మ చేతిలో సీసా అలాగే ఆగింది. నిజమే. చాటుగా తీసుకున్నది చాటుగా ఇచ్చెయ్యడానికి దారి లేదు. నలుగురిలో చెబితే తప్ప ఆ మందు ఈ కళ్ళకి రాదు. చెబితే అత్త చెయ్యి ఇంకెప్పుడూ గడ్డం మీదికి రాదు.

ఆ సమయానికి నరసయ్య వచ్చాడు. తెడ్డు భుజం మీద, ఒళ్ళంతా ఉప్పు. అత్త కేకలు విన్నవాళ్ళెవరో రేవులోనే చెప్పేశారని అడుగులో తెలుస్తోంది. తెడ్డు వాకిట్లో విసిరేశాడు.

"అంకాలూ! లెయ్ మే! ఏం చేసినావు నువ్వు?"

అంకాలమ్మ లేచి కూర్చుంది.

"వదిన మీద పరీక్ష చేసినావా? నాకు అమ్మ మాదిరి గదే ఆమె! నా మొహం యాడ పెట్టుకోమంటావు?"

చెయ్యి ఎత్తాడు. అంకాలమ్మ ముఖం తిప్పలేదు. గుమ్మంలో అత్త నిలబడింది, కొట్టనీ అన్నట్టు. అరుగు మీద పోలేరయ్య చుట్ట చేతిలో పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు.

ఈ దెబ్బ కూడా అది తింటుంది. తిని ఇంకా మంచిదవుతుంది. మస్తానమ్మకి ఒక్కసారిగా ఒళ్ళంతా రగిలిపోయింది. జాలి కాదు, పశ్చాత్తాపం కూడా కాదు. వాటికి తీరిక ఉంటే తర్వాత వస్తాయి. తను చేసిన తప్పుకి సైతం ఇదే పెద్దరికం తీసుకుంటుందా? తనకంటూ ఈ ఇంట్లో ఏదీ మిగల్చదా?

"ఆగు నరసయ్యా," అంది.

అతడి చెయ్యి గాలిలో ఆగింది.

మస్తానమ్మ లేచి, ఎర్రదారం సీసా తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"పెళ్ళాన్ని తర్వాత కొడుదువు. ముందు ఆ ముడి చూడు. ఎవరిదో చెప్పు."

"ముడేంది వదినా?"

"చూడయ్యా. పుట్టినప్పటి నుంచి వలల మధ్యనే గదా ఉండావు."

నరసయ్య సీసాని దీపం దగ్గరికి తీసుకుపోలేదు. ఉన్నచోటే నిలబడి బొటనవేలితో తడిమాడు. ఎడమ నుంచి తిరిగిన దారం. లోపలికి పోయిన కొస. చిన్నప్పటి నుంచి అతడు సముద్రంలోకి దించిన నూలు వలలన్నిటికీ ఉన్న ముడి.

గుమ్మంలో వెంకటశేషమ్మ చెయ్యి నోటిమీదికి పోయింది.

నరసయ్య తల ఎత్తినప్పుడు పెళ్ళాం వైపు చూడలేదు. వదిన వైపు కూడా చూడలేదు. అరుగు వైపు తిరిగాడు.

"అన్నా," అన్నాడు. "కోవూర్లో ఈ సీసా నీ చేతికి రాలేదా? ఈ ముడి నువ్వు చూడలేదా?"

పోలేరయ్య చుట్ట ఆరిపోయి ఉంది. ఆయన దాన్ని మళ్ళీ వెలిగించలేదు, కింద పెట్టనూ లేదు.